అరుగు మీద జపమాల

మొన్న గురువారం పొద్దున కుక్కర్లో పప్పు పెట్టి విజిల్ కోసం చూస్తుంటే తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే మా వీధి చివర ఉండే జ్యోతి. ఇక్కడ తెనాలిలో మా పేట కథోలిక కుటుంబాలన్నిటికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దానికి ఆ పిల్లే పెద్ద. నన్ను కూడా అందులో చేర్చింది గానీ నేను దాన్ని తెరిచి చూడను. చూడనని ఆమెకూ తెలుసు కాబట్టి రెండంతస్తులు మెట్లెక్కి వచ్చింది.

"టీచర్ గారూ, అక్టోబరు వచ్చింది కదండీ. రేపు సాయంత్రం మరియమాత స్వరూపం మీ ఇంటికండి. లిస్టులో మీ వంతు వచ్చింది" అంది.

"నా పేరు ఎవరిచ్చారమ్మా?"

"ఎవరూ ఇవ్వలేదండి. అందరి పేర్లూ ఉన్నాయి. మీకు ఇబ్బందైతే చెప్పండి, పక్క వీధిలో వాళ్లకి ఇచ్చేస్తాను."

ఇబ్బందే. నేను ఏ గుడికీ గట్టిగా చెందిన మనిషిని కాను. ఒక ఆదివారం కథోలిక గుడిలో వెనక బెంచీలో కూర్చుంటాను, ఒక ఆదివారం లూథరన్ చర్చిలో కూర్చుంటాను, చాలా ఆదివారాలు ఇంట్లో పేపరు చదువుకుంటాను. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, పెళ్లి చేసుకోలేదు, ఎవరూ రాని ఇల్లు నాది. అలాంటి ఇంటికి మరియమ్మని పిలిస్తే ఆవిడకు మాత్రం ఏం కాలక్షేపం? ఇదంతా ఆ పిల్లకు చెప్పలేను కదా. "సరే, తీసుకురా" అన్నాను. ఆమె మెట్లు దిగిపోయింది. నేను తలుపు వేసి వచ్చేసరికి పప్పు అడుగంటింది. ఆ మాడు వాసనలో నిలబడి మా పెద్దమ్మను తలుచుకున్నాను. ఆమెను గురించి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే నేను చేసింది కూడా చెప్పాల్సి వస్తుంది.

మా అమ్మ కథోలిక, నాన్న లూథరన్. ఇప్పుడైతే ఎవరూ పట్టించుకోరు గానీ ఆ రోజుల్లో మా పెద్దవాళ్లకు అది కులాంతర వివాహమంత గొడవ. ఒకే ఏసుప్రభువును నమ్ముకున్న రెండు కుటుంబాలు ఒకే పందిట్లో చెరో పక్క మొహాలు తిప్పుకుని కూర్చున్నాయని మా నాన్నే నవ్వుతూ చెప్పేవాడు. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ రెండో కాన్పులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. రేపల్లెలో తాలూకా ఆఫీసు గుమాస్తా అయిన మా నాన్నకు ఆడపిల్లకు జడ వేయడం రాదు. నన్ను తీసుకెళ్లి బాపట్ల దగ్గర పల్లెలో ఉన్న అమ్మ అక్కగారింట్లో దింపాడు. "నాలుగు రోజులు ఉంచండి వదినా" అన్నాడు. నాలుగు రోజులు మూడేళ్లయ్యాయి.

పెద్దమ్మ పేరు శౌరమ్మ. చిన్నతనంలోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇసక నేల మీద తాటాకు ఇల్లు, వెనక సరుగుడు చెట్లు, రెండు గేదెలు, వాటి పాల మీద బతుకు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. పేడ, పొంగిన పాలు, కొవ్వొత్తి పొగ, ఎండబెట్టిన వేరుశనక్కాయ, అన్నీ కలిసిన వాసన అది. పొద్దున్నే గుడి గంటకు లేచేది. మధ్యాహ్నం గంట మోగితే చేతిలో పాల చెంబున్నా సరే వీధిలోనే నిలబడిపోయి జపం చెప్పుకుని కదిలేది. పాలు పోయించుకునే వాళ్లు గొణుక్కునేవారు. "గేదె నన్ను అడక్కుండా పాలిస్తది, ఆ తల్లి నన్ను అడక్కుండా బిడ్డని చూస్తది. నేనొక్క నిమిషం నిలబడితే మీ కాఫీ చల్లారిపోతదా?" అనేది. నోరు పెద్దది. మరియమ్మతో కూడా అలాగే మాట్లాడేది. గేదె తన్నినా, గడ్డి ధర పెరిగినా గోడ మీది పటానికి కబురు అందాల్సిందే. మధ్యలో అలక కూడా ఉండేది. అలిగిన రోజున పటానికి పూలు పెట్టేది కాదు, దీపం మాత్రం మానేది కాదు.

సాయంత్రం దీపం పెట్టాక జపమాల. చాప మీద ఇద్దరం మోకాళ్ల మీద కూర్చునేవాళ్లం. పెద్దమ్మ లెక్కలో జపమాల ఒక్కరు చెప్పేది కాదు. ప్రతి పూసకు ఒక జపం, ఆ జపానికి రెండు సగాలు. మొదటి సగం నడిపించే వాళ్లు చెప్తారు, రెండో సగం మిగతావాళ్లు అందుకుంటారు. మా ఇంట్లో మొదటి సగం పెద్దమ్మది, రెండో సగం నాది. ఏడాది తిరిగేసరికి నిద్రలో కూడా అందుకునేదాన్నట. నేను రాక ముందు ఎవరు పలికేవారని ఒకసారి అడిగాను. "నువ్వు రాకముందు గుడిలో చెప్పుకునేదాన్ని. ఇంట్లో రెండో మనిషి లేకుండా ఏం చెప్పుకుంటాం?" అంది. ఆ ఇంట్లో నేను ఉపయోగపడే పని ఒకటుందని అప్పుడు తెలిసింది. తల్లి లేని పిల్లకు అది చాలా పెద్ద సంగతి.

అయినా నాకు మరియమ్మ మీద కోపం ఉండేది. అందరూ ఆవిడే నీకు తల్లి అనేవారు. మా అమ్మని నేను నువ్వు అనేదాన్ని, ఈవిడనేమో జపంలో మీరు అనాలి. మీరు అనాల్సిన తల్లి తల్లేంటని నా బాధ. ఒకరోజు గేదెలకు కుడితి పెడుతుంటే అడిగేశాను, ఆవిడ అంత గొప్పదైతే మా అమ్మని ఎందుకు బతికించలేదని. పెద్దమ్మ చెయ్యి కుడితిలోంచి తీయకుండానే జవాబు చెప్పింది.

"తన కొడుకునే బతికించుకోలేదు గదే. దేవుడు ఆవిడకి అన్నీ విడమరిచి చెప్పాడనుకున్నావా? ఏం చెప్పలా. చెప్పకపోయినా సరేనంది. సిలువ కింద నిలబడింది, అంతే."

"నిలబడితే ఏం వస్తది?"

"ఏం రాదు. నిలబడటానికి ఒక మనిషుందని ఆ బిడ్డకి తెలుస్తది" అని గేదె మూతి తుడిచింది. నాకు ఆ జవాబు నచ్చలేదు. ఆ తరవాత పెద్ద పెద్ద వాళ్ల ప్రసంగాలు విన్నాను, విశ్వాసం అంటే ఏంటో ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

అక్టోబరు నెల జపమాల నెల. అప్పుడు గుడిలోని చిన్న మరియమాత స్వరూపం, మూరెడు ఎత్తుది, అద్దం తలుపున్న చెక్కపెట్టెలో ఇంటింటికీ వచ్చేది. ఒక సాయంత్రం వస్తే మర్నాడు సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఉండి, మళ్లీ పాటలతో పక్కింటికి వెళ్లేది. ఆ ఒక్క రోజు ఇంట్లో వాళ్లందరూ ఆవిడ ముందు ఉండాలని నియమం. పొలానికి పోయినవాళ్లు తొందరగా వచ్చేవారు, పొరుగూరికిచ్చిన ఆడపిల్లలు పుట్టింటికి వచ్చేవారు. పెద్దమ్మ ముందు రోజే ఇల్లంతా అలికి, గేదెల కొమ్ములకు కూడా నూనె రాసేది. రెండు గేదెలు, ఒక పిల్ల, అదీ ఆమె ఇంటిల్లిపాది.

మూడేళ్ల తరవాత నాన్న మళ్లీ పెళ్లి చేసుకుని నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. పెద్దమ్మ పోట్లాడుతుందని నా నమ్మకం. పాల చుక్క తక్కువైందని ఎవరన్నా అంటే వీధంతా వినబడేలా అరిచే మనిషి, నా కోసం అరవదా? ఆమె నా గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దింది. తల దువ్వి జడ వేసింది. "తండ్రి ఉన్న పిల్లవి. ఎల్లు" అంది. బస్సు దాకా కూడా రాలేదు. నేను కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాను, ఎవరూ కనబడలేదు. కొడుకును ఇచ్చేసిన తల్లిని రోజూ చూసి చూసి ఈమెకూ ఇచ్చేయడం అలవాటైపోయిందని అప్పటి నా లెక్క. ఆ కోపం రేపల్లె చేరాక కూడా చల్లారలేదు.

రేపల్లెలో మా నాయనమ్మ సువార్తమ్మది వేరే పద్ధతి. పొద్దున ఒక అధ్యాయం, రాత్రి ఒక అధ్యాయం బైబిలు. పూసలు లేవు, పటాలు లేవు, కొవ్వొత్తులు కరెంటు పోయినప్పుడే. మంచిదే, నిజంగా మంచిది. పిన్ని కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నేనే అక్కడ త్వరగా కలిసిపోవాలని ఆరాటపడ్డాను. నా మెడలో ఉన్న చిన్న మాత పతకాన్ని మొదటి వారంలోనే తీసి పెట్టెలో దాచేశాను. ఎవరూ తీయమనలేదు.

నాలుగు నెలలకు అక్టోబరు వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం మా ముందు గదిలో నేనూ, ఇంకో ఇద్దరు పిల్లలూ బైబిలు వచనాలు కంఠతా పడుతున్నాం. మర్నాడు సండే స్కూల్లో పోటీ. నాయనమ్మ మడత కుర్చీలో కూర్చుని తప్పులు దిద్దుతోంది. "అత్తయ్యగారూ" అని వీధిలోంచి పిలుపు వినబడింది. కిటికీలోంచి చూస్తే పెద్దమ్మ. చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. చేతుల్లో తువ్వాలు చుట్టిన పెట్టె. ఆ పెట్టె ఏంటో నాకు వెంటనే తెలిసిపోయింది.

నాయనమ్మ గుమ్మంలోకి వెళ్లింది. "ఇంత ఎండన పడి వచ్చావేంటి శౌరమ్మా?"

"ఇవాళ మా ఇంటి వంతండి. నిన్న సాయంత్రం వచ్చింది తల్లి. ఇంట్లో వాళ్లందరూ ఉండాలి కదండీ. పిల్ల ఇక్కడుందని తీసుకొచ్చాను. సాయంత్రంలోగా పక్కింటికి చేర్చాలి, మళ్లీ బస్సుకి వెళ్లిపోతానండి."

ఊరి స్వరూపాన్ని ఊరు దాటించకూడదు. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె ఒళ్లో పెట్టుకుని పల్లె నుంచి బాపట్లకు, బాపట్ల నుంచి చెరుకుపల్లి మీదుగా రేపల్లెకు రెండు బస్సులు మారి వచ్చింది. అది కూడా లూథరన్ ఇంటికి. పెద్దమ్మకు అందులో తప్పు తోచలేదు. ఇంటిల్లిపాదీ ఉండాలి, ఇంటి పిల్ల రేపల్లెలో ఉంది, కాబట్టి రేపల్లె రావాలి.

"నువ్వు లోపలికి రామ్మా, కాళ్లు కడుక్కుని అన్నం తిను" అంది నాయనమ్మ. "అది మాత్రం నా గడప దాటడానికి వీల్లేదు. నీ మనసు కష్టపెట్టాలని కాదు. ఈ ఇంట్లో వాక్యం తప్ప ఇంకోటి లేదు, నీకు తెలుసుగా."

"తెలుసండి. ఆవిడని బయట పెట్టి నేనెట్టా వస్తానండి? ఈ అరుగు మీద కూర్చుంటాను. పిల్లని ఒక్కసారి పంపండి, జపం చెప్పుకుని ఎల్తాను."

నాయనమ్మ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆమెను కఠినురాలని నేను చాలామందికి చెప్పుకున్నాను, అది అబద్ధం. ఆమె నన్నే అడిగింది. "నిర్మలా, వెళ్తావా?" అంది.

పక్కనున్న పిల్ల నా మోచేతిని పొడిచి "ఎవరే ఆవిడ?" అని అడిగింది.

"ఎవరో. మా అమ్మ వాళ్ల ఊరావిడ" అన్నాను. నాయనమ్మకు తల అడ్డంగా ఊపాను.

సిగ్గు ఒక్కటే కాదు. నన్ను సంచి సర్ది పంపేసినప్పుడు లేని ప్రేమ ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందన్న కసి కూడా ఉంది. ఏడిపిద్దామనే అనుకున్నాను. పదేళ్ల పిల్లకు అంత లోతు ఉంటుందా అని ఎవరన్నా అంటే, ఉంటుందని చెప్తాను, నాకు ఉంది.

పెద్దమ్మ అరుగెక్కింది. తువ్వాలు విప్పి, పెట్టెను అరుగు మీద గోడకు ఆనించి, దాని ముందు కూర్చుని జపమాల తీసింది. మొదటి సగం చెప్పింది. ఆగింది. రెండో సగం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగి, తరవాతి పూసకు మళ్లీ మొదటి సగం మొదలుపెట్టింది. నా సగాన్ని తను చెప్పలేదు. దానికి చోటు వదిలేసి కూర్చుంది. గదిలో వచనాలు ఆగిపోయాయి. నాయనమ్మ బైబిలు మూసి ఒళ్లో పెట్టుకుంది. పిన్ని గ్లాసుతో మజ్జిగ తీసుకెళ్లి అరుగు మీద పెట్టి వచ్చింది. ఐదు పదులు, యాభై పూసలు. ప్రతి పూసకూ అరుగు మీద ఆ నిశ్శబ్దం వచ్చేది, ప్రతిసారీ నా సగం నా గొంతులోకి వచ్చేది. నేను కిటికీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పలకలేదు.

అయిపోయాక ఆమె మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వేరుశనగ ఉండల పొట్లం గుమ్మం దగ్గర పెట్టి, "వెళ్లొస్తానండి అత్తయ్యగారూ" అని పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది. నాయనమ్మ ఆ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. తరవాత నాతో, "ఆవిడ పద్ధతి నాకు నచ్చదు. కానీ నువ్వు వెళ్లాల్సింది" అంది. మర్నాడు పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది.

దీని ఫలితం పెద్దమ్మ ఏనాడూ నాకు చెప్పలేదు. ఆ పల్లెలో ఆమె పక్కింటావిడ చెబితే చాలా ఏళ్లకు తెలిసింది. ఆ రోజు బస్సు ఆలస్యమై పెట్టె చీకటి పడ్డాక ఊరు చేరిందట. తరవాతి ఇంటివాళ్లు కొవ్వొత్తులు వెలిగించుకుని వీధిలో ఎదురుచూస్తున్నారట. మాతని ఊరు దాటించావని పెద్దలు కేకలేసి, ఆ పైన రెండేళ్లు ఆమె ఇంటికి స్వరూపం పంపలేదు. రెండేళ్లూ ఆమె ఇల్లు అలికి, గేదెల కొమ్ములకు నూనె రాసి, పాటలు తన గుమ్మం దాటిపోతుంటే చేతులు జోడించి నిలబడేదట. ఎందుకు తీసుకెళ్లావని అడిగితే, "మా పిల్ల దగ్గరికి ఎల్లొచ్చాం" అని మాత్రం అనేదట.

నాకు తెనాలిలో ఉద్యోగం వచ్చాక సెలవులకు ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. ఆ అరుగు సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఆమె మంచాన పడ్డాక ఒక ఆదివారం మధ్యాహ్నం తల దువ్వుతూ ఇక ఆగలేకపోయాను. జుట్టు పిడికెడు కూడా లేదు.

"పెద్దమ్మా, ఆ రోజు రేపల్లెలో నేను పలకలేదు" అన్నాను.

"ఏంటి?"

"నువ్వు అరుగు మీద జపం చెప్పావు. నా సగం నేను చెప్పలేదు."

"చెప్పావుగా" అంది కళ్లు తెరవకుండానే. "కిటికీలోంచి చూశాను. నీ పెదాలు కదిలినయ్యి. లేకపోతే యాభై పూసలూ ఎట్టా తిప్పాననుకున్నావు?"

నా పెదాలు కదిలాయో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. కదలలేదనే అనుకుంటాను. ఒక్కటి మాత్రం ఆ క్షణంలో తట్టింది. ఆ కిటికీలోంచి నా పెదాలు కనబడితే, "ఎవరో" అన్న నా మాట కూడా వినబడే ఉంటుంది. అడగడానికి ధైర్యం చాలలేదు. వారం తిరక్కుండా ఆమె పోయింది. మరియమ్మను తల్లి అనడంలో ఏముందో నాకు తెలిసినంత వరకు అదే. పెద్దమ్మ విన్నదాన్ని దాచేసి, చూడనిదాన్ని చూశానని చెప్పింది.

శుక్రవారం సాయంత్రం జ్యోతి ఇంకో ఇద్దరితో స్వరూపాన్ని తెచ్చింది. ఇప్పటి పెట్టె ఫైబరుది, లోపల రంగులు మారే లైటు. "టీచర్ గారూ, జపమాల ఫోన్లో పెడతానండి, అందరికీ వీలుగా ఉంటుంది" అని ఫోను బల్ల మీద పెట్టింది. ఎవరో బాగా పాడే గొంతులు. మొదటి సగం ఒక గొంతు, రెండో సగం పదిమంది. ఎక్కడా ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. పాపం ఆ పిల్లల తప్పేముంది, ఒకరికి వంట, ఒకరికి పిల్లల ట్యూషను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నేనిచ్చిన అరటిపళ్లు తిని, రేపు ఆరింటికి వచ్చి తీసుకెళ్తామని చెప్పి వెళ్లారు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ పెట్టె ముందు నుంచే అటూ ఇటూ తిరిగాను. అన్నం తిన్నాక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. లైటు ఆపేశాను. అరవై ఎనిమిదేళ్లకు మొట్టమొదటిసారి మొదటి సగం నా నోటితో చెప్పాను. ఎప్పుడూ రెండో మనిషినే కదా. చెప్పి ఆగాను. ఫ్యాను తిరుగుతోంది, కింద ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అంతసేపూ ఆగి మళ్లీ చెప్పాను. మళ్లీ ఆగాను. ఆ కాస్త వ్యవధి ఇంత పొడుగుంటుందని, అవతల ఒక మనిషి ఉండి కూడా పలకకపోతే ఇంకెంత పొడుగుంటుందో కూడా అప్పుడు తెలిసింది. పెద్దమ్మ యాభైసార్లు ఆగింది. నేను మూడోసారి ఆగలేక లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.